మాట ఎటు మొగ్గింది?

ఒక రాతలో రాసినవారి అభిప్రాయం అనుకూలమా, ప్రతికూలమా, లేక ఎటూ మొగ్గలేదా అన్నది లెక్కగట్టి తేల్చే పద్ధతులను భావ విశ్లేషణ అంటారు. కంప్యూటర్ రంగంలో ఇది సెంటిమెంట్ అనాలిసిస్ పేరుతోనే ఎక్కువగా వినిపిస్తుంది. సినిమా విడుదలైన సాయంత్రానికే గుట్టలుగా పడే అభిప్రాయాలు, ఫోన్ కొన్నవాళ్లు రాసే సమీక్షలు, బ్యాంకులకూ ప్రభుత్వ శాఖలకూ చేరే ఫిర్యాదులు ఇవన్నీ మనుషులు కూర్చుని చదివి తేల్చేసరికి వాటితో అవసరమే తీరిపోతుంది. ఆ పనిని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన అలా బలపడింది.

అభిప్రాయం అనేది ఒక్క ముక్క కాదు. ఎవరు అన్నారు, దేని గురించి అన్నారు, ఎటు మొగ్గారు, ఎంత గట్టిగా మొగ్గారు అనే నాలుగూ అందులో ఉంటాయి. 'పాటలు బాగున్నాయి గానీ కథ తేలిపోయింది' అన్న వాక్యానికి మొత్తంగా ఒకే గుర్తు పెట్టమంటే చదివే మనిషి కూడా తటపటాయిస్తాడు. పాటలకు ఒక గుర్తు, కథకు ఇంకో గుర్తు పెట్టవచ్చంటే చిక్కు లేదు. అందువల్ల ఈ రంగంలో పని మూడు స్థాయుల్లో సాగుతుంది. మొత్తం రాతకు ఒక తీర్పు ఇవ్వడం మొదటిది, వాక్యానికి ఒక తీర్పు ఇవ్వడం రెండోది, అందులో ప్రస్తావనకు వచ్చిన ఒక్కో అంశానికీ విడిగా తీర్పు ఇవ్వడం మూడోది. కోపం, భయం, సంతోషం, విచారం వంటి ఉద్వేగాలను గుర్తుపట్టడం దీనికి దగ్గరి పనే అయినా వేరు పని. కోపం లేకుండానే ప్రతికూలంగా రాసేవాళ్లు చాలామంది.

పదాల పట్టీలు

తొలి సాధనం పదాల పట్టీ. 1960లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ స్టోన్ బృందం 'జనరల్ ఇంక్వైరర్' అనే ప్రోగ్రాం తయారుచేసింది. పదాలను వర్గాలుగా విడదీసుకుని, ఒక రాతలో ఏ వర్గం పదాలు ఎన్నిసార్లు వచ్చాయో అది లెక్కపెట్టేది. అనుకూల పదాలు, ప్రతికూల పదాలు ఆ వర్గాల్లో భాగం. అంతకుముందే, 1957లో, మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ ఆస్‌గుడ్ తన సహచరులతో కలిసి ఒక ముఖ్యమైన విషయం చూపించాడు. మనుషులు మాటలకు మనసులో కట్టే విలువ చాలావరకు మూడు కొలతల్లో ఇమిడిపోతుంది: మంచి–చెడు, బలం–బలహీనత, చురుకు–మాంద్యం. వాటిలో మంచి–చెడుదే పెద్ద వాటా. ఆ తర్వాత వచ్చిన పట్టీలన్నీ ఏదో ఒక రూపంలో ఈ మొదటి కొలత మీదే నిలబడ్డాయి.

పదానికి గుర్తుతో పాటు బరువు కూడా కట్టడం తర్వాతి అడుగు. డెన్మార్క్ పరిశోధకుడు ఫిన్ ఓరుప్ నీల్సన్ 2011లో విడుదల చేసిన 'ఆఫిన్' పట్టీలో ఇంగ్లిష్ పదాలకు మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు అంకెలు ఉన్నాయి. 2014లో అమెరికాలోని జార్జియా టెక్ సంస్థ నుంచి వచ్చిన 'వేడర్' ఇంకొంచెం ముందుకు వెళ్లింది. ఒక్కో పదానికీ పదేసి మంది చేత విలువ కట్టించి సగటు తీసుకుంది. ఆశ్చర్యార్థకాలు పెరిగితే బరువు పెంచడం, 'చాలా' వంటి మాట ముందుంటే తీవ్రత పెంచడం, 'కానీ' తర్వాతి భాగానికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడం, కాదు–లేదు అనే అర్థం ఉన్న మాట దగ్గర్లో ఉంటే గుర్తు తిప్పడం వంటి నియమాలు చేర్చింది. ఇంగ్లిష్‌లో పొట్టి పోస్టులకు ఇది ఇప్పటికీ పనికొస్తుంది. పైగా, ఒక తీర్పు ఎందుకు వచ్చిందో వేలు పెట్టి చూపించవచ్చు. తర్వాత వచ్చిన శక్తిమంతమైన పద్ధతుల్లో ఈ పారదర్శకత తగ్గిపోయింది. అది చిన్న నష్టమేమీ కాదు.

అయితే, ఒక రంగం కోసం తయారైన పట్టీ ఇంకో రంగంలో నిలవదు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ లోగ్రన్, బిల్ మెక్‌డొనాల్డ్ 2011లో దీన్ని కచ్చితంగా లెక్కగట్టి చూపారు. అమెరికా కంపెనీల వార్షిక నివేదికలకు హార్వర్డ్ పట్టీని వర్తింపజేస్తే, అది ప్రతికూలమని లెక్కవేసిన పదాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆర్థిక రంగంలో ప్రతికూలమే కావు. పన్ను, ఖర్చు, అప్పు బాధ్యత అనేవి కంపెనీ లెక్కల పుస్తకంలో రోజువారీ మాటలు. అవి కనబడినప్పుడల్లా కంపెనీ కష్టాల్లో ఉందని నిర్ధారిస్తే నివేదికలన్నీ విషాదంగానే కనిపిస్తాయి. ఆ ఇద్దరూ ఆర్థిక రాతల కోసం ప్రత్యేకంగా మరో పట్టీ తయారుచేయాల్సి వచ్చింది.

పట్టీని మనుషులే రాయాలా, రాతల్లోంచి యంత్రమే ఏరుకోగలదా అన్న ప్రశ్నకు 1997లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి చక్కని జవాబు వచ్చింది. వాసిలియోస్ హాట్సివాసిలోగ్లూ, కాథ్లీన్ మెకోన్ గమనించింది చాలా మామూలు విషయం. రెండు విశేషణాల మధ్య 'మరియు' అనే మాట ఉంటే రెండూ సాధారణంగా ఒకే వైపు మొగ్గుతాయి, 'కానీ' ఉంటే ఎదురుబొదురుగా ఉంటాయి. పత్రికా వ్యాసాల పెద్ద సంకలనంలో ఇలాంటి జతలన్నీ ఏరి, విశేషణాలను రెండు గుంపులుగా విడగొడితే 90 శాతం పైగా సరిపోయాయి. ఒక్కో పదానికీ విడిగా అర్థం చెప్పకుండానే, పదాల పొత్తుల నుంచే మొగ్గు బయటపడింది.

2002లో పీటర్ టర్నీ ఇదే ఆలోచనను ఇంటర్నెట్ అంతటికీ విస్తరించాడు. సమీక్షలోంచి రెండేసి మాటల పదబంధాలు ఏరి, ఒక్కొక్కటీ 'అద్భుతం' అనే అర్థమున్న ఇంగ్లిష్ పదానికి దగ్గరగా ఎన్ని పేజీల్లో కనబడుతోంది, 'నాసిరకం' అనే అర్థమున్న పదానికి దగ్గరగా ఎన్నింటిలో కనబడుతోంది అని ఆల్టావిస్టా వెతుకుడు యంత్రాన్ని అడిగాడు. ఆ రెండు సంఖ్యల నిష్పత్తే ఆ పదబంధపు మొగ్గు. 410 సమీక్షల మీద సగటున 74 శాతం సరైన తీర్పు వచ్చింది. కార్ల సమీక్షల్లో 84 శాతం దాకా వెళ్లింది. సినిమాల్లో 66 దగ్గరే ఆగిపోయింది. కారులో భాగాలు బాగుంటే కారు బాగున్నట్టే. సినిమా అలా కాదు. హత్యలు, మోసాలు, భయానక దృశ్యాలు ఉన్న సినిమా గొప్పది కావచ్చు, ఆ సమీక్ష నిండా చీకటి మాటలే ఉండవచ్చు.

సమీక్షలే పాఠాలు

అదే 2002లో బో పాంగ్, లిలియన్ లీ, శివకుమార్ వైద్యనాథన్ చేసిన పరిశోధన ఈ రంగం దారి మార్చింది. వాళ్లు ముందుగా ఇద్దరు విద్యార్థులను అడిగి, సినిమా సమీక్షల్లో అనుకూలాన్ని, ప్రతికూలాన్ని పట్టించే పదాలు రాయించారు. ఆ పట్టీలతో లెక్కపెడితే ఒకదానికి 58 శాతం, ఇంకోదానికి 64 శాతం మాత్రమే సరైన తీర్పులు వచ్చాయి. అనుకూలమో ప్రతికూలమో ముందే తెలిసిన సమీక్షలను యంత్రానికి ఇచ్చి, ఏ పదాలు ఎటు మొగ్గుతాయో దాన్నే నేర్చుకోమంటే ఉత్తమ ఫలితం 82.9 శాతానికి చేరింది. మనుషులకు తట్టని సంకేతాలు యంత్రానికి దొరికాయి. 'అయినా సరే' అనే అర్థంలో వాడే ఒక చిన్న ఇంగ్లిష్ మాట అనుకూల సమీక్షల్లో ఎక్కువగా కనబడింది. లోపాలన్నీ ఏకరువు పెట్టి, అయినా చూడదగ్గదే అని ముగించే అలవాటు సమీక్షకుల్లో ఉంది కాబట్టి. ఏ విద్యార్థీ ఆ మాటను పట్టీలో రాయడు.

ఇలా నేర్చుకునే పద్ధతుల్లో సరళమైనది నైవ్ బేయస్. వెయ్యి అనుకూల సమీక్షలు, వెయ్యి ప్రతికూల సమీక్షలు ఉన్నాయనుకుందాం. 'బోర్' అనే మాట అనుకూల వాటిలో 20 చోట్ల, ప్రతికూల వాటిలో 160 చోట్ల ఉంటే, అది ప్రతికూలం వైపు ఎనిమిది రెట్ల సాక్ష్యం. 'కన్నీళ్లు' అనుకూల వాటిలో 90, ప్రతికూల వాటిలో 30 చోట్ల ఉంటే, అది అనుకూలం వైపు మూడు రెట్లు. 'పాటలు' రెండింటిలోనూ 300 చొప్పున ఉంటే అది ఎటూ సాక్ష్యం కాదు. కొత్త సమీక్షలో ఈ మూడూ ఉంటే నిష్పత్తులను గుణించాలి: ఎనిమిదిని మూడుతో భాగిస్తే ప్రతికూలం వైపు రెండున్నర రెట్ల పైచిలుకు మొగ్గు మిగులుతుంది. పదాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదన్న ఊహ ఇందులో ఉంది. అది నిజం కాదని అందరికీ తెలుసు. అయినా ఫలితం ఆశ్చర్యకరంగా బాగుంటుంది, ఎందుకంటే కావలసింది కచ్చితమైన సంభావ్యత కాదు, తక్కెడ ఎటు వంగిందన్నదే.

నేర్చుకోవాలంటే గుర్తులు పెట్టిన రాతలు కావాలి. వాటిని సంపాదించడానికి పరిశోధకులు సులువైన దారులు వెతికారు. సమీక్షకు రాసినవారే ఇచ్చిన నక్షత్రాలను గుర్తుగా తీసుకోవడం ఒకటి. పోస్టు చివర నవ్వు గుర్తు ఉంటే అనుకూలం, ఏడుపు గుర్తు ఉంటే ప్రతికూలం అనుకోవడం మరొకటి. 2009లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఈ రెండో పద్ధతిలో 16 లక్షల ట్వీట్లు పోగుచేశారు. సరుకు చవకగా వస్తుంది, కానీ మకిలి కూడా దానితోనే వస్తుంది. తెలుగు సినిమా సమీక్షల్లో అయిదుకు 2.75 ఇచ్చే అలవాటు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ అంకెకు ఒక్కో సమీక్షకుడి దగ్గర ఒక్కో అర్థం. దాన్ని 'అనుకూలం' అని రాసుకున్నా, 'ప్రతికూలం' అని రాసుకున్నా యంత్రం తప్పుడు పాఠమే నేర్చుకుంటుంది.

రంగం మారితే దెబ్బతినే బలహీనత ఈ పద్ధతినీ వదల్లేదు. పుస్తకాల సమీక్షలతో నేర్చుకున్న యంత్రం వంటింటి పరికరాల దగ్గర తడబడుతుందని 2007లో జాన్ బ్లిట్జర్, మార్క్ డ్రెడ్జ్, ఫెర్నాండో పెరీరా చూపించారు. పుస్తకం 'ఒక్క బిగిన చదివించింది' అంటే మెప్పు. మిక్సీ గురించి ఆ మాట ఎవరూ అనరు, 'గిన్నె కారుతోంది' అని పుస్తకం గురించీ అనరు. రెండు రంగాల్లోనూ ఒకేలా వాడే మాటలను ఆనవాళ్లుగా పట్టుకుని, మిగిలిన మాటల మొగ్గును వాటి ద్వారా ఊహించే ఉపాయం ఆ ముగ్గురూ వాడారు.

మాటల అల్లిక

పదాలను విడివిడిగా లెక్కపెట్టే ఏ పద్ధతైనా వాక్య నిర్మాణం దగ్గర ఓడిపోతుంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ సోషర్ బృందం ఈ చిక్కును సూటిగా ఎదుర్కొంది. సినిమా సమీక్షల్లోని 11,855 వాక్యాలను చెట్టు కొమ్మల్లా విడదీసి, అందులోని 2,15,154 పదబంధాలకు మనుషుల చేత విడివిడిగా విలువలు కట్టించింది. చిన్న ముక్కల విలువలు కలిసి పెద్ద ముక్క విలువ ఎలా అవుతుందో, 'కాదు' చేరితే ఎక్కడ తిరగబడుతుందో న్యూరల్ నెట్‌వర్క్ దాని నుంచి నేర్చుకుంది. వాక్యాల మీద సరైన తీర్పులు 80 శాతం నుంచి 85.4కు పెరిగాయి. ఈ అయిదు శాతం వెనుక ఉన్నది ఓపికగా చేసిన మానవ శ్రమ. ఆ పదబంధాల సంకలనం నేటికీ కొలబద్దగా నిలిచి ఉంది.

2018లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన 'బర్ట్' పద్ధతి వేరు. ముందుగా పెద్ద ఎత్తున మామూలు రాతల్లో కొన్ని మాటలు దాచిపెట్టి, చుట్టూ ఉన్న మాటల ఆధారంగా వాటిని ఊహించమని యంత్రానికి నేర్పుతారు. ఈ దశలో అభిప్రాయాల ఊసే ఉండదు. భాష పోకడ పట్టుబడ్డాక, గుర్తులు పెట్టిన కొద్దిపాటి రాతలతో భావ విశ్లేషణకు పదును పెడతారు. ఒకే మాటకు సందర్భాన్ని బట్టి వేర్వేరు విలువలు రావడం ఇందులోని కీలకం. అదే స్టాన్‌ఫర్డ్ సంకలనంలో అనుకూలమా, ప్రతికూలమా అనే పరీక్షలో బర్ట్ పెద్ద నమూనా 94.9 శాతం సాధించింది. ఇప్పుడు పెద్ద భాషా నమూనాలకు ప్రత్యేక శిక్షణ కూడా లేకుండా, 'ఈ సమీక్ష అనుకూలమా?' అని మామూలు మాటల్లో అడిగితే చాలు. సౌకర్యం గొప్పదే. కానీ ప్రశ్న అడిగే తీరు మారితే జవాబు మారవచ్చు, నమూనా కొత్త రూపం వస్తే పాత ఫలితాలు తిరిగి రాకపోవచ్చు. ఏళ్ల తరబడి పోల్చి చూడాల్సిన పనికి ఇది పెద్ద ఇబ్బంది.

అంశాలవారీ విశ్లేషణకు పునాది 2004లో పడింది. మిన్‌చింగ్ హు, బింగ్ లియు వస్తువుల సమీక్షల్లో తరచూ వచ్చే నామవాచకాలను అంశాలుగా గుర్తించి, వాటి దగ్గర్లోని విశేషణాలను బట్టి ఒక్కోదానికీ తీర్పు ఇచ్చారు. బ్యాటరీకి ఇన్ని మెప్పులు, తెరకు ఇన్ని ఫిర్యాదులు అని పట్టిక తయారవుతుంది. వస్తువు తయారుచేసేవారికి నిజంగా అక్కరకొచ్చేది ఈ స్థాయే.

తెలుగు దగ్గరికొస్తే

ఇంగ్లిష్‌లో కాదనే మాట చాలాచోట్ల విడిగా నిలబడుతుంది. తెలుగులో అది క్రియ కడుపులోనే ఉంటుంది. నచ్చింది, నచ్చలేదు, నచ్చదు, నచ్చకపోలేదు: మొదటిది మెప్పు, తర్వాతి రెండూ తిరస్కారం, చివరిది మళ్లీ ఒద్దికైన మెప్పు. పక్క మాట చూసి గుర్తు తిప్పే నియమం ఇక్కడ పనిచేయదు. 'బాగుంది' మెచ్చుకోలు, 'బాగుండేది' ఫిర్యాదు. 'బాగానే ఉంది' అన్నప్పుడు మధ్యలో చేరిన ఒక్క అక్షరం మెప్పును సగానికి దించేస్తుంది. కాబట్టి పదాన్ని విడగొట్టి ప్రత్యయాలను చూడకుండా తెలుగులో పట్టీ పద్ధతి నడవదు. బహుభాషా నమూనాలు పదాలను ముక్కలు చేస్తాయి గానీ, ఆ కోతలు వ్యాకరణ హద్దుల దగ్గరే పడతాయన్న హామీ లేదు.

మాట ఒకటే అయినా మొగ్గు మారే సందర్భాలూ తక్కువేమీ కావు. 'ఆ సీన్‌లో చంపేశాడు' అంటే నటనకు పట్టం కట్టినట్టు. 'మూడు గంటలు కూర్చోబెట్టి చంపేశాడు' అంటే విసుగు. తల్లి పాత్ర ఏడిపిస్తే సినిమాకు మంచి పేరు, కస్టమర్ కేర్ వారం రోజులు ఏడిపిస్తే కంపెనీకి చెడ్డపేరు. హోటల్ గదిలో దుమ్ము వేరు, తెరమీద దుమ్ము లేపడం వేరు. 'కథా లేదు, కాకరకాయా లేదు' అన్న సమీక్షలో నామవాచకాలు ఏరే యంత్రం కాకరకాయను కూడా అంశంగా లెక్కవేస్తుంది. తెలంగాణలో 'సినిమా మస్తుంది' అంటే మెప్పు, 'మస్తు బోర్' అంటే అదే మాట విసుగుకు బలం. పత్రికల భాషతో మాత్రమే నేర్చుకున్న యంత్రానికి ఇవేవీ తెలియవు.

లిపి ఇంకో చిక్కు. అమెరికాలో ప్రీమియర్ చూసి ఇంటికొస్తూ రాసేవారైనా, ఇక్కడ ఇంటర్వెల్‌లో రాసేవారైనా చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. 'బాగుంది' అన్న ఒక్క మాట ఒకరి చేతిలో ఒక 'ఏ'తో, మరొకరి చేతిలో రెండింటితో, ఇంకొకరి చేతిలో చివరి అచ్చు లేకుండా కనబడుతుంది. మధ్యలో 'ల్యాగ్', 'స్క్రీన్‌ప్లే', 'డీసెంట్' వంటివి కలుస్తాయి.

ఈ దిశగా జరిగిన పని గౌరవించదగ్గది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన అమితవ దాస్, శివాజీ బంద్యోపాధ్యాయ 2010లో తెలుగు సహా భారతీయ భాషలకు భావ పదకోశాలు తయారుచేశారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2017లో 'యాక్ట్సా' సంకలనం వచ్చింది. అందులో అయిదు వేలకు పైగా తెలుగు వాక్యాలకు తెలుగు మాతృభాషగా ఉన్నవారే గుర్తులు పెట్టారు. 2021లో గూగుల్ భారత పరిశోధన విభాగం విడుదల చేసిన 'మ్యూరిల్' నమూనా ఇంగ్లిష్‌తో కలిపి 17 భాషలు నేర్చుకుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన భారతీయ భాషల పాఠాన్ని కూడా శిక్షణలో చేర్చడం దాని ప్రత్యేకత. ఇంకా కావలసింది యంత్రాల కంటే ఎక్కువగా గుర్తులు పెట్టిన తెలుగు రాతలే. అన్ని ప్రాంతాల వాడుక నుంచి, రెండు లిపుల నుంచి, సినిమాలు దాటి వైద్యం, వ్యవసాయం, చదువుల దాకా. ఇంగ్లిష్ పట్టీని తర్జుమా చేస్తే 'చంపేశాడు' ఎప్పటికీ ప్రతికూలంగానే ఉండిపోతుంది. ఈ లోటు తీర్చగలిగింది తెలుగు చదివే మనుషులు మాత్రమే.

ఫలితాన్ని సరిచూడడం

యంత్రం సత్తా ఎంతో తెలియాలంటే ముందు మనుషులు తమలో తాము ఎంత ఏకీభవిస్తారో తెలియాలి. 'పర్వాలేదు' అన్న మాటకు ఒకరు తటస్థమని, ఇంకొకరు అనుకూలమని గుర్తు పెడతారు. దీన్ని కొలవడానికి జాకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన 'కప్పా' వాడతారు. ఇద్దరూ నూటికి 80 చొప్పున 'అనుకూలం' అని, మిగతావి 'ప్రతికూలం' అని రాశారనుకుందాం. 84 చోట్ల ఇద్దరి గుర్తూ ఒకటే. చూడ్డానికి గొప్పగా ఉంది. కానీ కళ్లు మూసుకుని అదే పాళ్లలో గుర్తులు పెట్టినా 68 చోట్ల కలుస్తాయి: 64 అనుకూలంలో, 4 ప్రతికూలంలో. ఆ 68ని పక్కనపెడితే మిగిలే 32లో 16 మాత్రమే నిజమైన ఏకాభిప్రాయం. కప్పా 0.5. ఇలాంటి గుర్తులతో నేర్చుకున్న యంత్రం నూటికి 95 సరిగ్గా చెబుతోందంటే ఆ అంకెను నమ్మకూడదు.

మొత్తం శాతమూ మోసం చేయగలదు. వెయ్యి సమీక్షల్లో 900 అనుకూలమైతే, చదవకుండా అన్నిటికీ 'అనుకూలం' అని రాసే యంత్రానికి కూడా 90 శాతం వస్తుంది. ప్రతికూలమని చెప్పినవాటిలో ఎన్ని నిజం, నిజంగా ప్రతికూలమైనవాటిలో ఎన్ని పట్టుకుంది అని విడివిడిగా చూడాల్సింది అందుకే. పక్షపాతం పరీక్ష ఇంకొకటి. కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన స్వెత్లానా కిరిచెంకో, సైఫ్ మహమ్మద్ 2018లో 219 వ్యవస్థలను పరీక్షించారు. వాక్యం అదే ఉంచి పేరు మాత్రం మార్చారు: ఆడపేరు, మగపేరు, నల్లజాతివారిలో ఎక్కువగా ఉండే పేరు, తెల్లవారిలో ఎక్కువగా ఉండే పేరు. చాలా వ్యవస్థలు ఆ ఒక్క మార్పుకే వేరే అంకె ఇచ్చాయి. ఒక మనిషి ఉద్యోగ దరఖాస్తు మీదో, విద్యార్థి రాసిన ఉత్తరం మీదో ఇలాంటి అంకెతో నిర్ణయం తీసుకోవడం అన్యాయం.

వేల రాతల మొత్తం ధోరణి చెప్పడానికి ఈ పద్ధతులు తగినవి. అక్కడ కూడా యంత్రం చెప్పిన వాటాను నేరుగా ప్రకటించకుండా సరిదిద్దుకునే మార్గం ఉంది. ఒక సంస్థకు పదివేల అభిప్రాయాలు వచ్చాయి, యంత్రం 6,000 అనుకూలం, 4,000 ప్రతికూలం అని తేల్చింది అనుకుందాం. రెండు గుంపుల నుంచి యాదృచ్ఛికంగా 200 చొప్పున తీసి, భాష తెలిసినవారి చేత చదివించాలి. మొదటి 200లో 170 మాత్రమే నిజంగా అనుకూలమైతే, 6,000లో సుమారు 5,100 నిలుస్తాయి. రెండో 200లో 30 నిజానికి అనుకూలమైతే, 4,000లో సుమారు 600 ఇటు చేరతాయి. మొత్తం 5,700. యంత్రం 60 శాతమన్న చోట సరిదిద్దిన అంచనా 57 శాతం. ఆ తేడా ఎటువైపు, ఎంత ఉంటుందో 400 రాతలు చదివితే గానీ తెలియదు.